రాకెట్టు వదిలేసి కాంట్రాక్టు చదివేవాడి గోల

ధర ఖరారైపోయిన కాంట్రాక్టు మీద అదనంగా 28 కోట్ల 72 లక్షల డాలర్లు. నాసా ఇన్‌స్పెక్టర్ జనరల్ 2019 నవంబరులో విడుదల చేసిన ఆడిట్ నివేదిక చదువుతూ నేను ఈ అంకె దగ్గర ఆగిపోయాను. వ్యోమగాముల్ని అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి చేర్చి తీసుకురావడానికి 2014లో బోయింగ్‌కి ఇచ్చిన కాంట్రాక్టు అది. విలువ 420 కోట్ల డాలర్లు, రకం ఫిక్స్‌డ్ ప్రైస్. ఖర్చు పెరిగితే కంపెనీ నెత్తిన పడుతుంది, తగ్గితే కంపెనీ జేబులోకి పోతుంది. అలాంటి కాంట్రాక్టులో, అప్పటికింకా మనిషన్నవాడు ఎక్కని నౌకకి, మూడో ట్రిప్పు నుంచి ఆరో ట్రిప్పు దాకా రేటు పెంచి ఇచ్చారు. ఎందుకయ్యా అంటే, మనుషుల్ని పంపడంలో ఏడాదిన్నర ఖాళీ వస్తుందేమోనన్న భయం ఒకటి, రెండో సరఫరాదారు చేజారిపోతాడేమోనన్న భయం మరొకటి. అదే పనికి 260 కోట్లకు ఒప్పుకున్న స్పేస్‌ఎక్స్‌ని మాత్రం, ఆ ఖాళీ నువ్వేమైనా పూడ్చగలవా అని ఒక్క మాట అడగలేదు. ఆ అదనంలో 18 కోట్ల 70 లక్షలు అనవసరమని ఆడిటర్లు తేల్చారు. నాసా ఒప్పుకోలేదు, బోయింగూ ఒప్పుకోలేదు. అసలు రుచి ఇంకోచోట ఉంది. నాసా ఈ పెంపుకి తలూపిన ఐదు రోజులకే, తన దగ్గరున్న ఐదు సోయజ్ (రష్యా నౌక) సీట్లు అమ్ముతానంటూ బోయింగ్ నాసాకి ప్రతిపాదన పంపింది. ఖాళీ భయం చూపించి ఒక బిల్లు, ఆ ఖాళీ పూడ్చే సరుకు చూపించి ఇంకో బిల్లు!

నా ఉద్యోగమంతా కాంట్రాక్టులతోనే. ఎస్టిమేట్లు, మైల్‌స్టోన్ బిల్లులు, క్లెయిములు, గడువు పొడిగించమంటూ వచ్చే ఉత్తరాలు. అందుకని అంతరిక్షం వార్తలు కూడా నాకు ఆ కంటితోనే కనిపిస్తాయి. రాకెట్ లేచే వీడియో నేనూ నోరు తెరుచుకునే చూస్తాను, అబద్ధమెందుకు. కానీ మంటలు ఆరాక నేను వెతికేది దాని అగ్రిమెంటు ఏ రకం అని. మా మేనల్లుడు ఏరోస్పేస్ చదివాడు. "మామయ్యా, ఇంజిన్ గురించి అడుగు, తెల్లార్లూ చెప్తాను. నీకు బిల్లుల గొడవ తప్ప ఇంకోటి పట్టదా?" అంటాడు. వాడి సిద్ధాంతం ఒక్కటే: సర్కారు కడితే దండగ, ప్రైవేటుకిస్తే చవక. నేటి అంతరిక్ష విధానం మీద జరిగే చర్చ చాలావరకూ ఈ ఒక్క వాక్యం చుట్టూనే తిరుగుతోంది. నేను చదివిన కాగితాలు ఆ మాట చెప్పడం లేదు. కట్టేది ఎప్పుడూ ప్రైవేటు కంపెనీలే. అపోలో రాకెట్లూ వాళ్లే కట్టారు. తేడా పడేది రెండు చోట్ల. నష్టం వస్తే ఎవరు మోస్తారు? ఆ సరుకుని నాసా కాకుండా ఇంకెవరైనా కొంటారా?

ముందు పాత పద్ధతి చెప్తాను. కాస్ట్-ప్లస్ అంటారు. అయిన ఖర్చంతా ఇచ్చి, పైన ఫీజు ఇవ్వడం. ఇంతవరకూ ఎవరూ చెయ్యని పనికి ఎంతవుతుందో ఎవరికీ తెలియదు కాబట్టి ఈ పద్ధతి పుట్టింది, అందులో తప్పేమీ లేదు. తప్పు ఎక్కడ మొదలవుతుందంటే, తెలిసిన పనికి కూడా ఇదే వాడినప్పుడు. చంద్రయాత్రల కోసం నాసా కట్టిస్తున్న ఎస్‌ఎల్‌ఎస్ రాకెట్‌లో పెద్ద రకాన్ని మోసి నిలబెట్టడానికి రెండో మొబైల్ లాంచర్ కావాలని 2019లో బెక్‌టెల్ సంస్థకి 38 కోట్ల 30 లక్షల డాలర్లకు పని అప్పగించారు. 2023 మార్చికల్లా ఇవ్వాలి. అదొక ఉక్కు టవరు. ఎత్తైనదే, క్లిష్టమైనదే, చలికి గడ్డకట్టించే ఇంధనాల గొట్టాలు బోలెడు, అయినా టవరే. 2024 ఆగస్టులో ఇన్‌స్పెక్టర్ జనరల్ లెక్క కట్టేసరికి అది 270 కోట్ల దాకా పోవచ్చని, 2029కి గానీ చేతికి రాదని తేలింది. ఏడు రెట్లు! కాంట్రాక్టులో ఫిక్స్‌డ్ ప్రైస్‌కి మార్చుకునే వెసులుబాటు ఉంది గానీ, సగంలో ఉన్న పనికి కంపెనీ చెప్పబోయే ఖరారు ధర నాసా భరించలేనంత ఉంటుందన్న అంచనా కూడా ఆ నివేదికలోనే ఉంది. ఇది ఈ వృత్తిలో ఉన్నవాళ్లందరికీ తెలిసిన స్థితి. మధ్యలో వదిలేయలేం, మధ్యలో రేటు కుదుర్చుకోనూలేం.

ఆ రాకెట్ మీద వెళ్లే మొదటి నాలుగు ఆర్టెమిస్ చంద్రయాత్రల్లో ఒక్కో ప్రయోగానికి 410 కోట్ల డాలర్లవుతుందని అదే కార్యాలయం 2022 మార్చిలో చెప్పింది. ఆ తర్వాత రెండు నెలలకి అప్పటి నాసా అధిపతి బిల్ నెల్సన్ సెనేట్ ముందు కాస్ట్-ప్లస్‌ని ప్లేగుతో పోల్చాడు. ఎస్‌ఎల్‌ఎస్ పుట్టుకకి కారణమైన 2010 చట్టం వెనక సెనేటర్‌గా తానే ఉన్నాడన్నది మేనల్లుడు ప్రతిసారీ గుర్తుచేసే సంగతి. ఇందులో వాడితో నాకు పేచీ లేదు.

ఇక ఖరారు ధర పద్ధతి ఎక్కడ గెలిచిందో చూద్దాం. 2006లో నాసా అంతరిక్ష కేంద్రానికి సరుకు మోసే నౌకల కోసం రెండు కంపెనీలతో ఒప్పందం చేసుకుంది. స్పేస్‌ఎక్స్‌కి 27 కోట్ల 80 లక్షలు, రాకెట్‌ప్లేన్ కిస్లర్‌కి 20 కోట్ల 70 లక్షలు. ఈ రెండో పేరు ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు. నాకు మాత్రం ఆ కథలో అదే ముఖ్యమైన పాత్ర. కిస్లర్ తన వంతు ప్రైవేటు పెట్టుబడి తెచ్చుకోలేకపోయింది, మైల్‌స్టోన్ దాటలేకపోయింది. 2007 అక్టోబరులో నాసా ఒప్పందం రద్దు చేసింది. అప్పటికి చెల్లించింది 3 కోట్ల 20 లక్షలే. మిగిలిన డబ్బుతో 2008 ఫిబ్రవరిలో ఆర్బిటల్ సైన్సెస్‌ని తెచ్చుకుంది. ఓడినవాణ్ణి తక్కువ ఖర్చుతో దించేసి, వేరేవాణ్ణి ఎక్కించుకోగలిగింది. పద్ధతి బలమంతా అక్కడుంది. గెలిచిన కంపెనీ ప్రతిభ గురించి పుస్తకాలకి పుస్తకాలు వచ్చాయి. ఓడిన కంపెనీని సాఫీగా సాగనంపిన పేరా గురించి ఎవరూ రాయలేదు.

ఆ ఇద్దరు సరఫరాదారులూ ఎంత అవసరమయ్యారో తర్వాత తెలిసింది. 2014 అక్టోబరులో ఆర్బిటల్ వారి అంటారెస్ పేలింది. 2015 ఏప్రిల్‌లో రష్యా ప్రోగ్రెస్ నౌక అదుపు తప్పింది. జూన్‌లో స్పేస్‌ఎక్స్ వారి ఫాల్కన్ 9 గాలిలోనే ముక్కలైంది. ఎనిమిది నెలల్లో మూడు దారులూ ఒకదాని తర్వాత ఒకటి తెగాయి. అయినా పైనున్నవాళ్లు ఆకలికి మాడలేదు, ఎందుకంటే ఏ ఒక్క దారి మీదా మొత్తం భారం పెట్టలేదు.

అది పనిచెయ్యడానికి ఇంకో కారణం, పని ఏమిటో అందరికీ తెలుసు. చేరాల్సిన రేవు పైన కట్టి ఉంది, దాని కొలతలు అచ్చులో ఉన్నాయి, మొయ్యాల్సింది సామాను. పైగా ఫాల్కన్ 9కి వేరే గిరాకీ దొరికింది: ఉపగ్రహ కంపెనీలు, అమెరికా సైన్యం, చివరికి సొంత స్టార్‌లింక్. 2025లో ఒక్క ఏడాదే 165 సార్లు ఎగిరింది. అంత గిరాకీ ఉన్నవాడు ఒక ఖాతాదారు దగ్గర నష్టపోయినా ఇంకోచోట పూడ్చుకుంటాడు.

ఇప్పుడు బోయింగ్ స్టార్‌లైనర్ దగ్గరికి రండి. ఇదంతా నాకు ఒక పాఠ్యపుస్తకం. 2019 డిసెంబరులో మనుషుల్లేని తొలి పరీక్షలో నౌక గడియారం పదకొండు గంటలు తప్పుగా ఉండి, అంతరిక్ష కేంద్రాన్ని చేరకుండానే తిరిగొచ్చింది. ఖరారు ధర కాబట్టి రెండోసారి ఎగరేసే ఖర్చు కంపెనీదే. 41 కోట్ల డాలర్లు పక్కన పెట్టుకుంది. 2021 ఆగస్టులో ప్రయోగానికి ముందు కవాటాలు బిగుసుకుపోయాయి. 2022 మేలో ఎట్టకేలకు మనుషుల్లేకుండా చేరింది. 2023లో పారాచూట్ కట్లు బలహీనంగా ఉన్నాయనీ, తీగలకి చుట్టిన టేపు మంటంటుకునే రకమనీ బయటపడింది. చివరికి 2024 జూన్ 5న బుచ్ విల్మోర్, సునీతా విలియమ్స్ ఎక్కారు. హీలియం ఒకచోట కారుతోందని తెలిసే బయల్దేరారు. దారిలో ఇంకొన్ని చోట్ల మొదలైంది. కేంద్రాన్ని సమీపిస్తుండగా నౌకని అటూఇటూ తిప్పే 28 చిన్న థ్రస్టర్లలో ఐదు ఆగిపోయాయి, వాటిలో నాలుగు మళ్లీ పనిచేశాయి. సుమారు ఎనిమిది రోజుల ప్రయాణం 286 రోజులైంది. స్టార్‌లైనర్ సెప్టెంబరులో ఖాళీగా దిగింది, వాళ్లిద్దరూ 2025 మార్చి 18న స్పేస్‌ఎక్స్ నౌకలో దిగారు.

ఈ మొత్తం ప్రాజెక్టులో బోయింగ్ చూపించుకున్న నష్టం 200 కోట్ల డాలర్లు దాటింది. మేనల్లుడికి ఇది సంతోషం: "చూశావా, పన్ను కట్టేవాళ్ల డబ్బు పోలేదు, కంపెనీదే పోయింది." ఒరేయ్ నాయనా, కాగితం మీద అంతే. కానీ ప్రతి అదనపు పరీక్షా తన జేబులోంచే పెట్టాల్సిన కంపెనీకి, ఆ పరీక్ష అవసరమా కాదా అన్న ప్రశ్న ఎదురైన రోజున సమాధానం ఏ వైపు మొగ్గుతుంది? లాభం రాదని తేలిపోయిన పని మీద కంపెనీ తన మంచి ఇంజినీర్లని ఎన్నేళ్లు ఉంచుతుంది? ఈ ప్రశ్నలకి కాంట్రాక్టులో కాలమ్ లేదు. 2026 ఫిబ్రవరిలో నాసా ఆ యాత్రని అత్యంత తీవ్రమైన టైప్ ఏ ప్రమాదాల వర్గంలో చేర్చి నివేదిక బయటపెట్టింది. తప్పు హార్డ్‌వేర్‌దే కాదు, రెండు వైపులా నాయకత్వానిది కూడా అని అందులో ఉంది. అంతకుముందే, 2025 నవంబరులో, ఖాయంగా తీసుకుంటామన్న ఆరు ట్రిప్పుల్ని నాలుగుకి తగ్గించారు. వాటిలో మొదటిది మనుషులు లేకుండా సరుకుతో.

రెండో సరఫరాదారు లేకపోతే ఏమవుతుందో చిన్న లెక్కతో తెలుస్తుంది. 2019 నివేదికలో స్పేస్‌ఎక్స్ సీటు ఖరీదు 5 కోట్ల 50 లక్షల డాలర్లు, బోయింగ్‌ది 9 కోట్లు. 2022 ఆగస్టులో నాసా స్పేస్‌ఎక్స్ దగ్గర ఇంకో ఐదు ట్రిప్పులు, సుమారు 140 కోట్లకు కొంది. ట్రిప్పుకి నాలుగు సీట్లు, అంటే సీటు 7 కోట్ల పైమాటే. ద్రవ్యోల్బణం ఉంది, కాదనను. పక్క దుకాణం మూసి ఉందన్న సంగతి కూడా అందులో ఉంది.

స్పేస్‌సూట్ల విషయం క్లుప్తంగా. 2022లో ఆక్సియమ్, కాలిన్స్ అనే రెండు కంపెనీలకి ఇచ్చారు, 2024 జూన్‌లో కాలిన్స్ తప్పుకుంది, మిగిలింది ఒకటి. ఇలాంటి వార్తలు మూడు వాక్యాల్లో వచ్చి పోతాయి. పోటీ అన్నది అగ్రిమెంటు మీద సంతకం రోజున ఉంటే చాలదు, డెలివరీ రోజున ఉండాలి.

ఇదంతా చదివి నేను ఖరారు ధరకి వ్యతిరేకినని అనుకోకండి. చంద్రుడి మీదకి చిన్న పరికరాలు మోసే కాంట్రాక్టులు నాకు బాగా నచ్చాయి. నాసా అక్కడ ముందే ఒప్పుకుంది: చవగ్గా కొంటున్నాం, కొన్ని కూలిపోతాయి, పర్లేదు. కూలాయి కూడా. 2024 జనవరిలో ఆస్ట్రోబాటిక్ నౌక చంద్రుణ్ణి చేరనేలేదు. ఫిబ్రవరిలో ఇంట్యూటివ్ మెషీన్స్ నౌక దిగి పక్కకి ఒరిగింది. 2025 మార్చిలో వాళ్ల రెండోదీ అదే పని చేసింది. ఆ రెండోది ఒరగడానికి నాలుగు రోజుల ముందు ఫైర్‌ఫ్లై వారి బ్లూ గోస్ట్ నిటారుగా దిగి, చంద్రుడి పగలంతా పనిచేసింది. మొత్తం అన్నీ కలిపి కూడా పెద్ద యాత్ర ఒక్కదానికి అయ్యేంత కాలేదు. మనుషులు లేరు, గడువు తొందర లేదు, ఒకడు పోతే ఇంకొకడున్నాడు. సరిగ్గా సరిపోయిన చొక్కా. దాన్నే అందరికీ తొడగాలనుకున్నప్పుడే చిక్కు. చంద్రుడి మీద తిరగాల్సిన వైపర్ రోవర్ చూడండి. సుమారు 45 కోట్ల డాలర్లు పెట్టి నాసా సొంతంగా కట్టుకున్న రోవర్‌ని అప్పటికింకా ఎగరని ల్యాండర్ మీద పెట్టడానికి ఒప్పందం చేసుకున్నారు. 2024 జులైలో, రోవర్ దాదాపు సిద్ధమయ్యాక, ప్రాజెక్టే రద్దన్నారు. జనం గోల పెట్టాక, 2025 సెప్టెంబరులో జెఫ్ బెజోస్ కంపెనీ బ్లూ ఆరిజిన్ ల్యాండర్‌కి అప్పగించారు.

చంద్రుడి మీదకి మనుషుల్ని దించే కాంట్రాక్టు ఇంకో మెట్టు పైన ఉంటుంది. 2021 ఏప్రిల్‌లో స్పేస్‌ఎక్స్‌కి 289 కోట్లకు ఇచ్చారు. ఇద్దరికి ఇద్దామనుకున్నారు గానీ ఆ ఏడాది ఆ పద్దుకి కాంగ్రెస్ ఇచ్చింది అడిగినదాంట్లో నాలుగో వంతు. బ్లూ ఆరిజిన్ ఫిర్యాదు చేసింది, జెఫ్ బెజోస్ 200 కోట్ల దాకా మాఫీ చేస్తానని బహిరంగ లేఖ రాశాడు, కోర్టుకీ వెళ్లారు, ఓడారు. 2023 మేలో 340 కోట్లకు వాళ్లకే రెండో ల్యాండర్ పని దక్కింది. కాంట్రాక్టుల మనిషిగా నాకు ఆ 289 కోట్ల అంకె మొదటి రోజునుంచీ అనుమానమే. ఆ ధరకి ఆ పని ఎవడూ చెయ్యలేడు. చేసేవాడికి వేరే ప్రయోజనం ఉండాలి. ల్యాండర్‌గా చూపించిన స్టార్‌షిప్ అనే భారీ నౌకని స్పేస్‌ఎక్స్ తన ఉపగ్రహాల కోసం, మార్స్ కోసం ఎలాగూ కడుతోంది; నాసా ఆ బండిలో వాటా కొనుక్కుంది. చవకే. కానీ బండి ఎవరి పనికి ముందు వెళ్లాలో చెప్పే హక్కు ఆ వాటాతో రాలేదు. 2025 అక్టోబరు దాకా పదకొండు పరీక్షలు ఎగిరాయి. బూస్టర్‌ని టవరు చేతులతో పట్టుకోవడం చూసి నేనూ కేకలేశాను. చంద్రయాత్రకి తప్పనిసరైన పని, కక్ష్యలో ఒక నౌక నుంచి ఇంకో నౌకకి ఇంధనం నింపడం, ఆ పదకొండిటిలో ఒక్కదాంట్లోనూ జరగలేదు. ఆ నెలలోనే అప్పటి నాసా తాత్కాలిక అధిపతి సీన్ డఫీ టీవీలో కూర్చుని, స్పేస్‌ఎక్స్ వెనకబడింది, పోటీకి తెరుస్తాం అన్నాడు.

తెరిచి? 2025లో తమ ఆదాయం దాదాపు 1,550 కోట్ల డాలర్లు ఉంటుందని, అందులో నాసా నుంచి వచ్చేది 110 కోట్లని మస్క్ ఆ జూన్‌లో చెప్పుకున్నాడు. ఏడు శాతం గిరాకీ ఉన్న ఖాతాదారు బెదిరిస్తే ఎవరు బెదురుతారు? అదే జూన్ 5న అధ్యక్షుడితో మాటామాటా పెరిగి, వ్యోమగాముల్ని మోసే డ్రాగన్ నౌకల్ని ఆపేస్తానని పోస్టు పెట్టాడు. కాసేపటికి వెనక్కి తీసుకున్నాడనుకోండి. అయినా ఆ కొన్ని గంటల్లో అమెరికాకి సొంతగడ్డ నుంచి మనుషుల్ని అంతరిక్ష కేంద్రానికి పంపే దారి ఒక మనిషి కోపం మీద వేలాడింది. ఏ ప్రభుత్వ పద్దులోనూ ఈ ఖర్చు రాయరు.

బడ్జెట్ల తమాషా ఎక్కువ చెప్పను. 2026 ఆర్థిక సంవత్సరానికి వైట్ హౌస్ నాసా నిధుల్ని సుమారు 2,480 కోట్ల నుంచి 1,880 కోట్ల డాలర్లకి కొయ్యమంది, సైన్స్ పద్దు దాదాపు సగానికి. 2026 జనవరిలో కాంగ్రెస్ 2,440 కోట్లిచ్చింది. ఆ మధ్యకాలంలో నాసాలోంచి సుమారు నాలుగు వేలమంది స్వచ్ఛందంగా వెళ్లిపోయారు. డబ్బు తిరిగొచ్చింది, వాళ్లు రాలేదు. కంపెనీల పనిని తనిఖీ చేసి, ఇది తప్పు అని చెప్పగలిగే అనుభవం వాళ్లలో చాలామంది తలకాయల్లో ఉంది. ఇది నన్ను డబ్బు కన్నా ఎక్కువ కలవరపెట్టే సంగతి.

ఇక అసలు పరీక్ష. అంతరిక్ష కేంద్రం. 2000 నవంబరు నుంచి అక్కడ మనుషులు లేని రోజు లేదు. వయసు మీదపడింది, రష్యా భాగం జ్వెజ్దాలో ఒక చిన్న సొరంగం లాంటి గదిలోంచి 2019 నుంచి ఏళ్ల తరబడి గాలి పోయింది. 2030 తర్వాత దించేసి, ఆ స్థానంలో ప్రైవేటు కేంద్రాలుంటే అక్కడ అద్దెకుంటామన్నది నాసా ఆలోచన. 2021 డిసెంబరులో మూడు బృందాలకి కలిపి 41 కోట్ల 56 లక్షలిచ్చారు. అందులో నార్త్‌రాప్ గ్రమ్మన్ తర్వాత తన డిజైన్ మానేసి, ఆ మూడింట్లోనే ఇంకొకటైన స్టార్‌ల్యాబ్ బృందంలో చేరిపోయింది. ఆక్సియమ్‌ది వేరే ఒప్పందం. వాస్ట్ అనే కంపెనీ సొంత డబ్బుతో చిన్నది కడుతోంది.

కానీ అద్దెకుండేవాళ్లు ఎవరు? ఆక్సియమ్ నడిపిన యాత్రలే చూడండి. 2022లో మొదటిదానికి డబ్బున్న వ్యాపారులు ముగ్గురు ఎక్కారు. 2023లో రెండోదానికి ఇద్దరు సౌదీవాళ్లు. 2024లో ఇటలీ, టర్కీ, స్వీడన్. 2025 జూన్ 25న బయల్దేరిన నాలుగోదాంట్లో మన శుభాంశు శుక్లా, పోలండ్, హంగేరీ మనుషులు. ఈ మూడు దేశాల తరఫున అంతకుముందు అంతరిక్షానికి వెళ్లిన వాళ్లందరూ, 1984లో రాకేశ్ శర్మతో సహా, సోవియట్ ప్రభుత్వం పిలిస్తే వెళ్లినవాళ్లే. అప్పుడు స్నేహం మీద ఎక్కించారు, ఇప్పుడు టికెట్టు కొన్నారు. విమానం ప్రైవేటు, టికెట్టు కొన్నవి మాత్రం ప్రభుత్వాలు. మేనల్లుడు కూడా దీని దగ్గర కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మందులు తయారుచేస్తారు మామయ్యా, ఫైబర్ తయారుచేస్తారు" అన్నాడు. పాతికేళ్లుగా పైన ప్రయోగశాల ఉంది. అక్కడ తయారైన సరుకు అమ్ముకుని కేంద్రం అద్దె కట్టగలిగిన వ్యాపారం ఒక్కటీ ఇంకా నిలబడలేదు.

ఒకే కొనుగోలుదారు ఉన్నచోట ఖరారు ధర ఏం చేస్తుందో స్టార్‌లైనర్ చూపించింది. నాసాలో ఎవరికో ఈ భయం పట్టుకున్నట్టే ఉంది. 2025 జులై ఆఖర్లో డఫీ సంతకం పెట్టిన ఆదేశం నియమాలు మార్చేసింది: తర్వాతి దశలో పూర్తిస్థాయి కాంట్రాక్టు బదులు పాత సరుకు నౌకల కాలంనాటి తరహా ఒప్పందాలు, కనీసం ఇద్దరికి. ఎప్పుడూ మనుషులుండే కేంద్రం తప్పనిసరి కాదంది. నలుగురు ఒక నెల ఉండగలిగితే చాలంది. మనుషులతో పరీక్ష గట్టెక్కేదాకా కనీసం పాతిక శాతం డబ్బు ఆపి ఉంచాలంది. ఆ రిటెన్షన్ పేరా చదివి నేను మెచ్చుకున్నాను, మా వృత్తిలో దెబ్బలు తిన్నవాడెవడో రాశాడని. ఆ పక్కనే ఉన్న నెల రోజుల పేరా మాత్రం, డబ్బుకి తగ్గట్టు ఇంటిని కుదించడం. ఈ నియమాలు మళ్లీ మారవన్న భరోసా కూడా ఎవరూ ఇవ్వలేరు.

వీటన్నిటి నడుమ ఒక కాంట్రాక్టు ఎదురుదారిలో నడుస్తోంది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. 400 టన్నులు దాటిన అంతరిక్ష కేంద్రాన్ని పసిఫిక్ సముద్రంలో జనంలేని చోట దించడానికి ఒక తోపుడు నౌక కావాలి. 2024 జూన్‌లో స్పేస్‌ఎక్స్‌కి 84 కోట్ల 30 లక్షల దాకా విలువతో ఇచ్చారు. డ్రాగన్‌కే పెద్ద తోక తగిలించి 46 ఇంజిన్లు పెడతారు. తేడా ఏమిటంటే, కట్టాక దాన్ని నాసా సొంతం చేసుకుంటుంది, నాసాయే నడుపుతుంది. సేవ కొనుక్కునే మాట ఇక్కడ లేదు. కొత్త కేంద్రాల దగ్గర యాజమాన్యం మనకెందుకు అన్న సంస్థే, పాతదాన్ని దించే బండి మాత్రం నా పేరు మీదే ఉండాలంది.

కారణం నాకు అర్థమవుతుంది. 1967 నాటి అంతరిక్ష ఒప్పందం ఆరో అధికరణం ప్రకారం, ప్రైవేటు కంపెనీ పైన ఏం చేసినా అంతర్జాతీయంగా బాధ్యత దాని దేశానిదే; అనుమతించడం, అదేపనిగా కనిపెట్టి ఉండడం ప్రభుత్వం పని. పైనుంచి ఏదైనా పడితే తట్టేది ప్రభుత్వం తలుపే. 2021లో అంతరిక్ష కేంద్రం నుంచి వదిలేసిన పాత బ్యాటరీల గుట్ట గాలిలో కాలిపోతుందనుకున్నారు. 2024 మార్చిలో దాని ముక్క, 700 గ్రాముల లోహం, ఫ్లోరిడాలో ఒక ఇంటి కప్పులోంచి నేలదాకా దిగింది. ఆ ఇంటివాళ్లు నాసాకి 80 వేల డాలర్ల క్లెయిము పెట్టారు. ఇదే వేరే దేశంలో పడుంటే 1972 నష్టపరిహార ఒప్పందం ప్రకారం తప్పెవరిదన్న చర్చ లేకుండా చెల్లించాల్సి వచ్చేది. సొంత పౌరులకి ఆ ఒప్పందం వర్తించదు. 400 టన్నుల క్లెయిము ఫారం నింపడానికి ఎవరికీ ఇష్టం ఉండదు కదా.

మనుషులెక్కే ప్రైవేటు నౌకల భద్రత మీద అమెరికాలో నియమాలే పెట్టకూడదన్న నిషేధం 2004 నుంచి పొడిగిస్తూ వస్తున్నారు. ఇప్పటి గడువు 2028 జనవరి 1. ఈలోగా ఎక్కేవాడు ప్రమాదం తెలిసే ఎక్కుతున్నానని సంతకం పెడితే సరి. కొత్త కేంద్రాల్లో అద్దెకుండేవాళ్లు ఏ కాగితం మీద సంతకం పెట్టబోతున్నారన్నది నాకు ఆసక్తి.

ఆ కేంద్రాల ఒప్పందాలు బయటికొచ్చిన రోజున మేనల్లుడు బొమ్మలు చూస్తాడు, కిటికీలు ఎంత పెద్దవో, లోపల ఎంత చోటుందో. నేను ధర పేజీ కూడా ముందు తెరవను. సగంలో ఉన్న కేంద్రాన్ని వదిలేసి కంపెనీ తప్పుకుంటే ఆ మాడ్యూళ్లు, ఆ డ్రాయింగులు, వాటి మీద నాసా పెట్టిన డబ్బు ఎవరికి చెందుతాయో చెప్పే పేరా ఉంటుంది, ఉండాలి. కిస్లర్‌ని 3 కోట్ల 20 లక్షలతో సాగనంపినప్పుడు పైన పాత కేంద్రం పనిచేస్తూనే ఉంది. ఈసారి అది ఉండదు.